వాన పాత్ర

చిలోయే ద్వీపం దక్షిణపు కొసన మా బడి.
సముద్రం రోజుకు రెండుసార్లు
కంచె దాకా వచ్చి చూసి పోతుంది.
పదకొండు మంది పిల్లలు, ఒకటే గది, ఒకటే కట్టెల పొయ్యి,
పొయ్యి చుట్టూ ఆరేసిన పదకొండు జతల తడి మేజోళ్ళు.

పోయినేడు నాటకం నేనే రాశాను.
తగవు రాకుండా తలా మూడు వాక్యాలు.
ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పారు,
గోడగడియారం వైపు చూస్తూ.
తల్లులు చప్పట్లు కొట్టారు.
ఆ చప్పట్లలో ఎంత మర్యాద ఉందో,
ఇంటికి చేరేదాకా నా చెవులు మండుతూనే ఉన్నాయి.

ఈసారి కాగితం తీయలేదు.
"ఏం ఆడదాం?" అని అడిగి నోరు మూసుకున్నాను.
నోరు మూసుకోవడం ఇంత కష్టమని
ఇరవై రెండేళ్ళ కొలువులో నాకెవరూ చెప్పలేదు.

"మా మామయ్య ఇల్లు లాగారు కదా, అది," అంది యస్నా.
ఇక్కడివన్నీ చెక్క ఇళ్ళు.
మనిషి ఈ గుట్ట మీంచి ఆ గుట్టకు మారితే
ఇల్లూ వెంట నడిచొస్తుంది.
కింద దుంగలు, ముందు ఎడ్లు, తాళ్ళు పట్టుకుని ఊరంతా.
కూలి ఉండదు, కడుపునిండా భోజనం ఉంటుంది.

ఎవరింటికో ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఇల్లయింది.
నోయెలియా, వాళ్ళ చెల్లి ఎడ్లు.
ఎడమ పక్క ఎద్దు ఎవరో తేలడానికి రెండు రోజులు పట్టింది,
ఒక పన్ను కూడా ఊడింది.
అది ఎలాగూ ఊడేదేనని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

ఇల్లు నేనవుతానని చెయ్యెత్తింది ఎలిసేయో.
మాట గొంతులోనే తట్టుకుని ఆగిపోయే పిల్లాడు,
హాజరు పిలిస్తే వేలు మాత్రం లేపుతాడు.
ఇంటికి మాటలుండవని వాడి లెక్క.

"మరి నేనో?" అన్నాను.
పక్కకెళ్ళి గుసగుసలాడుకున్నారు, చాలాసేపు.
"మీరు వాన," అని తీర్పు చెప్పింది యస్నా,
ఎండు బఠానీలు వేసిన పాలడబ్బా నా చేతిలో పెట్టి.
"వాన మధ్యలో మాట్లాడదు, టీచర్."

చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
తెల్ల రబ్బరు బూట్లతోనే వచ్చారు తల్లులు.
మూల నిలబడి కురిశాను.
ఎక్కువే కురిశానేమో,
"వాన తగ్గాలి!" అని ఎద్దు కసిరింది.
తగ్గాను.

తాళ్ళు బిగిశాయి. ఒకటి, రెండు, లాగు!
ఇల్లు కదల్లేదు.
మళ్ళీ లాగారు. అట్ట ఓ మూల చిరిగింది.
మామయ్య వేషం కట్టిన బస్తియాన్ బొగ్గు మీసం
చెమటకు గడ్డం దాకా కారింది.
నా నాలుక చివర వంద సలహాలు,
డబ్బాలో బఠానీల్లా గలగల.
పళ్ళ వెనకే ఆపాను.

అప్పుడు, లోపల్నుంచి,
"పి... పి...
పిల్లి ఇంకా ఇంట్లోనే ఉంది."

ఏ పిల్లి? అనుకున్న కథలో పిల్లే లేదు.
ఎడ్లు నిలబడిపోయాయి. తాళ్ళు నేలకు జారాయి.
బస్తియాన్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు,
అచ్చం వాళ్ళ నాన్నలా.
ఇంతలో తల్లుల వరసలో ఎవరి ఒడిలోంచో
ఇంకా బడి ఈడు రాని పిల్ల ఒకతి దిగి,
మోకాళ్ళ మీద పాక్కుంటూ ఇంట్లో దూరి,
కిటికీలోంచి తల బయటపెట్టి
మ్యావ్ అంది.

అప్పుడు కదిలింది ఇల్లు.
తల్లులూ లేచి తాడందుకున్నారు.
నల్లబల్ల దాటి, గడప దాటి,
నిజం వాన జల్లు కొడుతున్న వరండాలోకి.
డబ్బా ఊపడం ఆపాలో లేదో తెలీక
కాసేపు ఇద్దరం కలిసి కురిశాం.

సోమవారం హాజరు పిలిస్తే
ఎలిసేయో మళ్ళీ వేలే లేపాడు.
జిల్లా ఆఫీసు వాళ్ళ ఫారం బల్ల మీద ఉంది.
లక్ష్యాలు, నైపుణ్యాలు, పట్టిన సమయం,
అన్నిటికీ ఏదో ఒకటి నింపాను.
పిల్లికి గడి లేదు.
అన్నిటికంటే అడుగున: ఉపాధ్యాయిని పాత్ర.

వాన, అని రాశాను.
చెప్పినప్పుడు తగ్గింది.