జోడు

సెకండ్ల కొన్నప్పుడు వెనుక టైరు చూసే కొన్న.
నూట అరవై.
కొత్తవాడల ఏ పోరని బండికీ అంత వెడల్పు లేదు.
సొసైటీ ముందట ఆపితే
జంపఖానాల మూటలు మోసేటోళ్లు సుత
ఓసారి ఆగి, వంగి చూసేది.

ముందు టైరు సంగతి ఎవలూ అడుగలే.
నేను సుత.

పస్రా దాటినంక, తాడ్వాయి దిక్కు మూడో మలుపుల
ముందుది వంగుదామన్నది,
వెనుకది ఒప్పుకోలే.
లారీ జారవిడిచిన పిడికెడు ఇసుక మీద
ఒక్క చిటికె సేపు నా పానం
పంపకం తెగని అన్నదమ్ముల నడుమ
గట్టోలె నిలబడ్డది.

ములుగు రోడ్డుల జన్ను మొగిలి దుకాణం.
పేరు రాసిన బోర్డు లేదు, పాత టైర్ల గుట్టే ఆనవాలు.
బండిని స్టాండుకెత్తి, చక్రం తిప్పి,
గోరుతోటి గుచ్చి చూసి నవ్విండు.
"పదకొండో వారం, పదహారో సాలు.
ఇది రబ్బరు కాదు చెల్లే, మొద్దు."

రిమ్ముకు రెండు దిక్కుల బొటనవేళ్లు పెట్టి చూపెట్టిండు:
ఇరుకుల ఇరికిచ్చిన వెడల్పు
అంచులు ముడుసుకోని నడుమ ఉబ్బింది.
పది నంబరు పాదం, ఎనిమిది నంబరు బూటు.
"ఊరోళ్ల కండ్లకు జానెడు. రోడ్డుకు వేలెడు."

మరి ముందుది మంచిగనే ఉన్నది కదా, అన్న,
చిట్టీ పైసలు యాదికొచ్చి.
మొగిలి జవాబియ్యలే. లోపలికి పోయి
రంపంతోటి కోసిన రెండు టైరు ముక్కలు తెచ్చి
నా చేతుల పెట్టిండు.

ఒకటి నా వెనుక టైరు జాతి:
పోగులు ఏటవాలుగ, కత్తెరోలె
ఒకదాన్నొకటి దాటుకుంట పోయినయి.
ఇంకోటి ముందు టైరు జాతి:
ఈ అంచు నుంచి ఆ అంచుకు
తిన్నగ, పడుగోలె.

రబ్బరు కింద ఇంత కత ఉంటదని
మగ్గాల ఇంట్ల పుట్టిన నాకు
ఇరవై ఎనిమిదేండ్లు ఎవలూ చెప్పలే.
ఇగ వేరే అడిగేది ఏముంది?
బిగువు పడుగు పక్కన వదులు పడుగు పడితే
జంపఖానా ఏ మూలకు గుంజుకపోతదో నాకు తెలుసు,
వాపసొచ్చిన సరుకు పద్దు రాసేది నేనే.

రెండూ మార్పిచ్చిన.
పదకొండు వేల ఎనిమిది వందలు.
ఒకటే కంపెనీ, ఒకటే పేరు,
రెండు వారాల ఎడంతోటి పుట్టినయి.
ముందు నూట పది, వెనుక నూట నలభై.
జోడంటే ఒకటే తీరు ఉండుడు కాదట.
ముందుది నీళ్లను చీల్చాలె, బ్రేకు బరువు మొయ్యాలె.
వెనుకది నెట్టాలె, అరగాలె, ముందుగాల పోవాలె.
ఒకటి వంగుతనన్నప్పుడు
రెండోది ఎందుకని అడగొద్దు, గంతే.

బాణం గుర్తులు రెండుసార్లు చూసి ఎక్కిచ్చిండు.
మైనం పొర పోయేదాక మెల్లగ పొమ్మన్నడు.
టైర్ల మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు సుద్దగీత గీసి
"పోయిరా. చెరగని సుద్ద ఎంతో, నీ భయం అంత."

ఆదివారం తాడ్వాయి దాక పోయొచ్చిన.
వెనుక వేలెడు మిగిలింది,
ముందు రెండు వేళ్లు.
మొగిలికి చూపెట్టలే.

నాయిన వాకిట్ల కండెలు చుడుతున్నడు.
బండంటే పడదు ఆయినకు.
కొత్త టైర్ల దిక్కు తల తిప్పలే.
సీటు మీద పెట్టిన కోత ముక్కను మాత్రం
తీసి, వెలుతురుకు పట్టి,
రబ్బరును వదిలి పోగును నిమిరిండు.

"ఏ నంబరు నూలు?"
నైలాను, అన్న.
ఇంకొంచెం సేపు చూసిండు.
"అంచు మంచిగ కట్టిండు.
కూలి ఎంతిస్తరట?"

నా దగ్గర ఆ పద్దు లేదు.