లైనింగు

కెమెరా లోపలంతా తిరిగొచ్చింది.
"పేగు సాఫ్‌గనే ఉందమ్మా" అన్నరు.
ఆ సాఫ్‌గున్న పేగుతోనే
రాత్రి మూడుసార్లు లేచిన.

వారాసిగూడ నుంచి కోఠి దాకా
బస్టాపులు కాదు,
గడియ పడే బాత్రూములే నాకు గుర్తు.
జనరల్ బజార్‌ల లేసు బేరమాడుతూ
సగంలనే ఉరికిన రోజు
కొట్టాయన ఏమనుకున్నడో.

నస్రీన్ డాక్టరమ్మ ఊరుకోలేదు.
బియ్యపు గింజంత ముక్కలు తీయించి
మైక్రోస్కోపు కింద పెట్టించింది.
"లోపొర కింద పట్టీ మందమైంది" అన్నది.
ముప్పై ఏండ్లు జాకెట్లు కుట్టినదాన్ని,
నాకు విడమర్చి చెప్పాల్నా?
పైగుడ్డ మెరుస్తనే ఉంటది,
లైనింగు గుంజుకపోయి ఉంటది.

మోకాళ్ల నొప్పి గోలీలు బంద్ పెట్టించింది.
పొద్దున క్యాప్సూల్లు,
మెల్లగ తగ్గిస్తనన్నది.
చాయ్ నేనే మానిన,
ఇరానీ హోటల్ ముందు ఊపిరి బిగబట్టి నడుస్త.

నెల దాటింది.
నిన్న మెట్టుగూడల మెట్రో ఎక్కి
అమీర్‌పేట దాకా కూసున్న.
నడుమ ఒక్క స్టేషన్‌ల దిగలే.
ఎవరికి చెప్పుకోను ఈ గొప్ప?

మళ్ల రావచ్చట.
విప్పి కుట్టుడు నాకేం కొత్త?
అయినా
వచ్చేటప్పుడు సీటున్నా
తలుపు దగ్గరే నిలబడ్డ.