పది

డులూత్‌లో సరస్సు గడ్డకట్టిన వారం
ఆర్విడ్ లిండ్‌హోమ్ పిల్లిని కోటు లోపల పెట్టుకొచ్చాడు.
తోలు సోఫా కొన్నారట, వాయిదాలింకా తీరలేదు.
స్పీకర్ ఫోన్లో భార్య: "గోళ్ళే కదా, తీసేయించు."

సంతకం కాగితం బల్లమీద పెట్టి చెప్పాను.
గోరు కాదండీ,
గోరు మొలిచే ఎముక.
రెండు ముందుకాళ్ళకీ కలిపి పది.
మన వేళ్ళకయితే చివరి కణుపులన్నీ.

కలం పట్టుకున్న చేతికేసి చూసుకున్నాడు.
చూపుడువేలు సగంలో ఆగిపోయింది.
రంపపుమిల్లు, ఎప్పటిదో.
"చలికాలం వస్తే ఆ లేని గోటికింద సలుపు" అన్నాడు,
నాతో కాదు, ఫోనుతోనూ కాదు.

అవతల ఆమె ఇంకా సోఫా రంగు చెబుతూనే ఉంది.
పిల్లి అతని కోటు గుండీ పట్టి లాగుతోంది.
కత్తెర తీసి కొనలు మాత్రం కత్తిరించాను.
గోటితో పోయేదే.
గొడ్డలి నా చేతిలోనూ ఉండేది, ఒకప్పుడు.

వాళ్ళు వెళ్ళాక
మా క్లినిక్ ముసలిపిల్లి నిద్రలేచి
గుమ్మం పట్టా మీద ఒళ్ళు విరుచుకుని
కాళ్ళు మార్చి మార్చి గీరింది,
పదును పెట్టుకుంటున్నట్టే.
పట్టా మీద గీత పడలేదు.

ఆ పదీ ట్రేలో లెక్కపెట్టింది నేనే.