ఎడమ కాలు

బుచ్చి రోడ్డు షెడ్డులో
మా ట్రాక్టరును రెండు ముక్కలు చేశాడు కాలేషా.
ఇంజను జాకీ మీద,
గేరుబాక్సు తుమ్మమొద్దుల మీద.
మధ్యన మూరెడు ఖాళీ,
మా నాయన కొన్న ఏడాది నుంచీ
వెలుగు చూడని చోటు.

క్లచ్ ప్లేటు ఊడదీసి గోనెపట్ట మీద పెట్టాడు.
రివిట్లు తేలి, అద్దంలా మెరుస్తా,
కాలిన వెంట్రుకల వాసన.

"కాలు పెడల్ మీదే పెట్టుకోని తోలతావు గదబ్బయా?"

నేను పలకలేదు.
కనిగిరి కాలవ కట్ట మీద
వడ్లబస్తాలతో వెనక చక్రం జారిన రాత్రి నుంచీ
నా ఎడమ కాలు పెడల్ దిగలేదు.
ఇంట్లో ఎవరికీ చెప్పలా.
పన్నెండు పంటల భయాన్ని
ఇది మాత్రం పొల్లుపోకుండా రాసిపెట్టుకుంది.

కొత్త ప్లేటు.
బ్రహ్మయ్యాచారి చిత్రిక పట్టిన చండ్రకర్ర దూర్చి
నడిమధ్యకు సరిచేశాడు.
కలిపేటప్పుడు షాఫ్టు పళ్ళు పట్టలేదు.
ముగ్గురం తోశాం. కదల్లా.
"బలం గాదబ్బా"
ఫ్లైవీలును వేలితో
ఆవగింజంత తిప్పాడు.
టక్.

పెడల్‌కి రెండు వేళ్ళ ఆట వదిలి
నన్నెక్కమన్నాడు.
గేరు పడింది.
ఎదర రోడ్డు, ఆ చివర కాలవ.
మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటా కాలేషా
నా ముఖం కాదు,
కాలు చూస్తన్నాడు.