రాయి

ఆదివారం సాయంత్రం కూడికలో
పాస్టరుగారు నా వైపు చెయ్యి చాపారు:
"హనోకన్నా, ఈ వారం సాక్ష్యం నువ్వు చెప్పాల."

నాకు ముందు చెప్పిన కేతూరమ్మకి
కిడ్నీలో రాయి కరిగింది.
తర్లుపాడు కుర్రాడికి కానిస్టేబులు ఉద్యోగం వచ్చింది.
నాకేమీ రాలేదు.
పలకల పని వచ్చు, అంతే.

లేచాను. స్తోత్రమన్నాను. కూర్చున్నాను.
ఫ్యాను తిరిగింది. వెనక వరసలో ఎవరో దగ్గారు.

చెప్పగలిగుంటే ఇదీ:

మార్కాపురంలో, కంభం రోడ్డు మీద రేకుల షెడ్డు.
ముప్పయ్యేళ్ళుగా అక్కడ నేను బండ చీలుస్తా.
అంచున ఉలి ఆనించి
చిన్నగా, చెవితో వింటూ కొట్టాల.
బలం చూపిస్తే ముక్కలవుద్ది.
గనిలోంచి అప్పుడే వచ్చిన తడిబండ
పుస్తకంలా విచ్చుకుంటుంది.
నాలుగు రోజులు ఎండలో పడున్నది మాత్రం
ఏ దెబ్బకీ లొంగదు.
ఆ రెండో రకం నేనేనని
నా భార్య ఎప్పుడో చెప్పింది.
నాకు తెలిసొచ్చింది నిరుడు.

మా అమ్మ దెబోరమ్మ అదే షెడ్డులో అంచులు రుద్దేది.
యాభై రెండో ఏట
మూల విరిగి పారేసిన పలకొకటి
కొంగులో దాచి ఇంటికి తెచ్చింది.
బలపం చేతికిచ్చి "రాయి" అన్నాను.
"రాయేగా, నాకు తెలీదా" అంది.
"అది కాదమ్మా, రాయి!"
అర్థమయ్యాక నవ్వింది,
నవ్వు దగ్గులోకి తిరిగేదాకా.

ఎంగిలి వేలితో చెరిపేది.
అందుకే బడిలో నా వీపు వాచింది గదా, తప్పమ్మా అన్నాను.
"ఆయన ఉమ్మేసి మట్టి కలిపి
గుడ్డోడి కళ్ళకి పూసినప్పుడు
ఈ అయివారు లేడులే" అంది.

అ ఆలు తర్వాత.
ముందు అంకెలు నేర్పమంది.
నెల తిరక్కుండానే మేస్త్రీ పుస్తకంలో
తన పేరు ఎదురుగా మూడు రోజుల కూలి
తక్కువుందని వేలుపెట్టి చూపించింది.
షెడ్డంతా చూస్తుండగా వసూలు చేసింది.

పాత ఏళ్ళదీ లెక్కేసింది.
ఆ మొత్తం విరిగిన పలక మీద రాసి
దేవుడి వాక్యం క్యాలెండరు పక్కనే
మేకుకి తగిలించింది.
వాక్యం నెలనెలా మారేది.
లెక్క మారలేదు.

ఏడాదిన్నర తర్వాత,
తెల్లారితే బల్ల ఆరాధన అనగా,
రాత్రి పలక దించింది.
వేలు తడి చేసుకుంది.
తుడిచిన వేలు చీరకి రుద్దుకుని
అన్నం పెట్టింది.
అంతే. ప్రార్థన కూడా చెయ్యలేదు.

అయినా పొద్దున కిటికీ ఎండ
ఏటవాలుగా పడితే
ఆ అంకెలు ఇప్పటికీ లీలగా కనపడతాయి.

ఆ స్త్రీని రాళ్ళతో కొట్టడానికి తెచ్చినప్పుడు
ప్రభువు వంగి నేల మీద ఏం రాశాడని
ఓసారి అమ్మనడిగాను.
"లెక్కే రాసుంటాడు.
అందరిదీ.
లేచేటప్పుడు కాలితో చెరిపేసుంటాడు."

ఇప్పుడు ప్లాస్టిక్ పలకలొచ్చాయి, ఫోన్లొచ్చాయి,
షెడ్డుకి వారంలో మూడు రోజులే పని.
పోయిన మంగళవారం అమ్మని ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళా.
డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టాడు.
నల్లటి దాని మీద సన్నని తెల్లపొడి.
ఎవరో ఏదో రాసి
సగం తుడిచి వదిలేసినట్టు.
ముప్పయ్యేళ్ళు పలకలు చేసినోణ్ణి,
ఆ పలక నాకు చదవడం రాలేదు.

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.
అటు తిప్పి, ఇటు తిప్పి,
వేలు తడి చేసుకోబోయి
ఆగింది.

"రాయి" అంది.

ఏ రాయో నాకు తెలియలేదు.
బస్సులో వస్తూ పొదిలి దాటేదాకా ఆలోచించాను.
నా చొక్కా జేబులో
ఎప్పటిదో బలపం ముక్క ఉంది.