పన్నెండో మెట్టు

మొదటి పేజీలో మెట్లు పదకొండు.
ముప్ఫై నాలుగో పేజీలో పన్నెండు.
అచ్చు తప్పిందా,
కథ చెబుతున్నవాడికి మతి తప్పిందా?

రాయపేటలో చెప్పుల దుకాణం వెనక
వరదయ్య నాయుడి ప్రెస్సు.
నవంబరు వాన. సిరా ఆరని గ్యాలీ ప్రూఫులు
ఉతికిన బట్టల్లా తాడుమీద.
ఆ దయ్యం కథ అప్పటికే ఐదు ముద్రణలు చూసింది.
రాసినాయన పోయి ఇరవయ్యేళ్లు.
చేతిరాత ప్రతిని చెదలు నాకంటే ముందే చదివేశాయి.
అడగడానికి ఎవరూ లేరు.
ఫారానికి రూపాయిన్నర లెక్కన
నేనున్నాను.

కథలో వాడు ఓ ఖాళీ మేడకి కాపలాదారు.
రాత్రిళ్లు ఎవరో మెట్లు దిగుతున్నారంటాడు.
అడుగులు లెక్కపెట్టి మరీ చెబుతాడు.
మూడేసి పేజీలకోసారి
“నాకు పిచ్చి లేదు” అంటాడు,
కూరలో ఉప్పు సరిపోయింది అన్నంత మామూలుగా.

పన్నెండుని పదకొండు చేస్తే
వాడికి నయమైపోతుంది.
అప్పుడిక మెట్లమీద నిజంగానే ఎవరో ఉన్నట్టు.
అలాగే వదిలేస్తే
వాడు కీల్పాక్ కేసు, మెట్లు ఖాళీ.
ఎర్ర పెన్సిలు నా చేతిలో.
ఏ డాక్టరుకీ ఇంత చవగ్గా దొరకడు రోగి.

ఏకాంబరాన్ని అడిగాను.
ముప్ఫయ్యేళ్లుగా తెలుగు కంపోజు చేస్తున్నాడు,
తెలుగు రాదు.
ఏ గడిలో ఏ ఒత్తు ఉందో వేళ్లకి తెలుసు.
తలకిందులైన సీసపు అక్షరాల్లోనే
అతను మా భాషని చూసింది.
కథంతా నాకొచ్చిన అరవంలో చెప్పాను.
బీడీ ఆర్పి, చెవిమీద పెట్టుకుని,
“పైత్తియమో కాదో నాకేం తెలుసు సార్,
రాత్రుళ్లు వాడికి తోడు ఎవరు?” అన్నాడు.

ఎవరూ లేరు.
రెండుసార్లు చదివి కూడా
నేను మెట్లే లెక్కపెట్టాను.

దిద్దలేదు. ఊరుకోనూ లేకపోయాను.
“నాకు పిచ్చి లేదు” అని ఆఖరిసారి అన్నచోట
మార్జినులో చిన్న ప్రశ్నార్థకం పెట్టి
ఐస్‌హౌస్ బస్సు తప్పిపోతుందని పరిగెత్తాను.

ఆ ప్రశ్న నాయుడిగారికి.
ఏకాంబరం దిద్దుబాటు అనుకున్నాడు.
మార్జినులో ఏది కనిపిస్తే అది
వాక్యంలోకి ఎక్కించడం అతని ధర్మం.

వెయ్యి ప్రతులు.
“నాకు పిచ్చి లేదు?”
ఐదు ముద్రణల పాటు చెప్పినవాడు
ఆరోదాంట్లో అడిగాడు.

నాయుడిగారు చూడలేదు. నేను చెప్పలేదు.
ఒక్కరూ ఉత్తరం రాయలేదు.
మెట్లు, పదకొండొకచోట, పన్నెండొకచోట
అలాగే ఉండిపోయాయి.

నాలుగేళ్ల తర్వాత మూర్ మార్కెట్లో,
పాత పంచాంగాల కింద, అట్ట ఊడిన ప్రతి.
చేతులు వాటంతటవే ఆ పేజీకి వెళ్లాయి.
ఆ వాక్యం కింద, నీలం సిరాతో,
ఎవరో, ఏ రాత్రి చదివారో,
జవాబు రాసి పెట్టారు:

“లేదులే నాయనా, పడుకొ.”

దీర్ఘం పోయింది.
జేబులో ఎర్ర పెన్సిలు ఉంది.
దిద్దలేదు.