నల్లచుక్కల లెక్క

మూడు వారాలు ఫార్మలిన్‌లో నానితే
మెదడు గట్టిపడుతుంది,
చల్లారిన జున్నులా కత్తి మాట వింటుంది.
మైనంలో పోతపోసి
మైక్రోటోమ్ చక్రం తిప్పుతాను.
ఐదు మైక్రాన్లు.
ఆత్రేయపురం పూతరేకు దీని పక్కన పెడితే
దుప్పటి.

గోరువెచ్చని నీళ్ళమీద రిబ్బను విచ్చుకుంటుంది.
ఊపిరి బిగబట్టి గాజుపలకతో అడుగునుంచి ఎత్తాలి.
కాకినాడలో ఈ గదికి ఒకటే కిటికీ.
అవతల ఉప్పుటేరు, పడవలకి పూసే తారు వాసన,
ఇవతల జైలీన్.
పదకొండేళ్ళకి రెండూ ఒకటే అయిపోయాయి నాకు.

ఈ పలక మీదున్నావిడ నల్లి సువార్తమ్మ.
పేరు రాయకూడదు. పెన్సిలుతో
నలభై ఏడు అని రాస్తాను.
నర్సాపురం పక్కన యాభై రెండేళ్ళు లేసు అల్లింది.
వణుకు కొలవడానికి మూడుసార్లు వెళ్ళాను వాళ్ళింటికి,
కాగితం మీద నత్తగుల్లలా చుట్టు గీయమని అడగడానికి.
మొదటి ఏడు నత్తగుల్ల.
రెండో ఏడు ముళ్ళకంప.
మూడో ఏడు పెన్ను పక్కన పెట్టేసి
"గీతలు నాకెప్పుడొచ్చాయమ్మా, దారం ఇయ్యి" అంది.

నడిమెదడులో ఓ నల్లచార ఉంటుందని చెప్పాను,
కాటుక దిద్దినట్టు, మామూలు కంటికే కనబడుతుందని,
ఆ కణాలు రాలిపోతుంటే చెయ్యి వణుకుతుందని.
ఆవిడ నవ్వింది.
"లేసంటేనే కన్నాలు కదా తల్లీ,
కన్నాలుంటేనేగా పువ్వు."

ఆ మాట చాన్నాళ్ళు వెంటేసుకు తిరిగాను.
సెమినార్‌లో చెబుదామని కూడా అనుకున్నాను.
ఇవాళ నాలుగొందల రెట్లు పెంచి చూస్తే
ఇక్కడ కన్నం పువ్వు కాలేదు.
కన్నం కన్నమే.
చెదిరిన నల్లపొడి చుట్టూ మైక్రోగ్లియా,
ఊడ్చే కణాలు, తిని తిని ఉబ్బి ఉన్నాయి.
చెత్తే ఎత్తుతున్నాయో
బతికున్న గోడని కూడా గిల్లుతున్నాయో
మాకింకా సరిగ్గా తెలీదు.
మిగిలిన కణాల్లో అక్కడక్కడ గులాబీరంగు ఉండ,
చుట్టూ తెల్లంచు.
అందంగానే ఉంటుంది. అదే బాధ.

కొత్తగా వచ్చిన డాక్టరుగారు దీన్ని
డెల్టా కాలువలతో పోలుస్తారు, లాకులు, పూడిక, గుర్రపుడెక్క.
బాగానే ఉంటుంది వినడానికి.
కాలువనైతే ఎండాకాలం కట్టేసి
పూడిక తీసి మళ్ళీ వదలొచ్చు.
దీనికి కట్టేసే నెల ఏదండీ?

పక్క పలక పద్దెనిమిది. కంట్రోల్ అంటాం.
జక్కంశెట్టి పుల్లయ్య, డెబ్బై ఒకటి.
సిద్ధాంతం వంతెన దాటాక రొయ్యల లారీ గుద్దింది.
అప్పటిదాకా తలనొప్పి కూడా ఎరగడు.
చార నిండుగా ఉంది,
వరద తీసిన లంకలో ఒండ్రులా.
ఆరోగ్యం అంటే మాకు పుల్లయ్యే.
సంతకం పెడుతూ పెద్దకొడుకు అడిగాడు,
"మా నాన్నకేం లేదు కదండీ, మరి ఆయనదెందుకండీ?"
ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో చూడ్డానికని
చెప్పడానికి ఆ పూట నోరు రాలేదు.

చేతిలో లెక్కమీట. టిక్కు. టిక్కు.
పుల్లయ్య చట్రంలో నూటపద్నాలుగు.
సువార్తమ్మ చట్రంలో ముప్ఫై ఒకటి.
మళ్ళీ లెక్కపెట్టాను.
ఇరవై తొమ్మిది.

కూతురు కరుణమ్మ ఫోన్ చేసింది.
"ఏవన్నా తెలిసిందాండీ?"
"లెక్కపెడుతున్నామండీ."
"ఆయ్, మా అమ్మా అంతేనండీ,
కుట్లు లెక్కపెట్టేటప్పుడు పిలిస్తే పలికేది కాదు."

నా సొరుగులో ఆవిడిచ్చిన పువ్వుంది,
బొటనవేలంత, సగం రేకులే.
చివరి ఉచ్చులో సూది అలాగే ఉంది.
"సూది లాగావంటే మొత్తం ఊడొచ్చేస్తది, చూసుకో" అంది.

సొరుగు మెల్లగా తీస్తాను.
మెల్లగా వేస్తాను.